జమాఖర్చుల చదువు కూలి బిడ్డలకు అక్కర్లేదా?

డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో మన పేటల్లో ఏటా వినబడే ప్రశ్న ఒకటుంది. "మావాడు బి.కాం. పాసయ్యాడన్నా, ఇప్పుడేం చేయించమంటావు?" అని తల్లిదండ్రులు సంఘం కార్యకర్తల్ని అడుగుతారు. ఆ తల్లి ఇంకా నాట్లకు పోతూనే వుంటుంది. ఆ తండ్రి ఇంకా బస్తాలు మోస్తూనే వుంటాడు. వాళ్ళకు తెలిసిన దారులు రెండు మూడే. కానిస్టేబులు సెలక్షన్లకు పరుగు నేర్పించటం, గ్రూపు పరీక్షలకు కోచింగు పెట్టించటం, అదీ కాకపోతే హైదరాబాదులో ఏదో ఒక షాపులో బిల్లులు కొట్టే పనికి పంపించటం. చార్టర్డ్ అకౌంటెన్సీ, అంటే సి.ఏ., మాట ఎత్తితే, "అది షావుకార్ల పిల్లల చదువులే అన్నా, మనకెక్కడిది?" అని వాళ్ళే తోసిపుచ్చుతారు.

ఈ మాట వాళ్ళంతట వాళ్ళకు పుట్టింది కాదు. లెక్క రాయటం ఒకరి పని, లెక్క ప్రకారం వంగి పనిచెయ్యటం ఇంకొకరి పని అని తరతరాలుగా మన నెత్తిన రుద్దిన మాట ఇది. వేలిముద్ర వేసేవాడికి కాగితంలో ఏముందో అక్కర్లేదన్నారు. ఇప్పుడు వేలిముద్ర పోయి సంతకం వచ్చింది. కాగితం చదివే అధికారం మాత్రం ఇంకా మన చేతికి రాలేదు. అందుకే ఈ చదువు సంగతి కూలి సంఘాలు తమ సంగతిగా తీసుకోవాలని నేనంటాను.

ఏమిటీ చదువు?

మన దేశంలో కంపెనీల, బ్యాంకుల, సంస్థల జమాఖర్చులు తనిఖీ చేసి సంతకం పెట్టే అధికారం చార్టర్డ్ అకౌంటెంటుది. 1949లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఇందుకొక సంస్థను ఏర్పాటు చేసింది. 1959లో ఇంకో చట్టం చేసి, సరుకు తయారీకయ్యే ఖర్చును లెక్కగట్టే కాస్టు అకౌంటెంట్లకు వేరే సంస్థ పెట్టింది. ఒక చక్కెర ఫ్యాక్టరీలో బస్తా చక్కెరకు చెరుకు ఎంత, ఆవిరి ఎంత, కూలి ఎంత అని పైసాలతో సహా తేల్చేది వీళ్ళే. ఇవి కాక విశ్వవిద్యాలయాల్లో రెండేళ్ళ ఎం.కాం. వుంది. ఆంధ్రలో పీజీసెట్, తెలంగాణలో సీపీగెట్ రాసి అందులో చేరవచ్చు.

సి.ఏ.లో మూడు మెట్లున్నాయి. ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్. పన్నెండో తరగతి అయినవాళ్ళు మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. బి.కాం.లో నూటికి 55 మార్కులు వచ్చినవాళ్ళు ఫౌండేషన్ రాయకుండానే రెండో మెట్టు మీద అడుగు పెట్టవచ్చు. ఈ ఒక్క సంగతి తెలియక మన పిల్లలు ఎందరో ఆగిపోతున్నారు. పరీక్షలతో పాటు ఒక ప్రాక్టీసు చేసే అకౌంటెంటు దగ్గర ఆర్టికల్‌షిప్పు అనే శిక్షణ పొందాలి. ఇదివరకు అది మూడేళ్ళు. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో రెండేళ్ళు చేశారు. 2021లో యూజీసీ వారు సి.ఏ. చదువు పోస్టుగ్రాడ్యుయేట్ డిగ్రీతో సమానమని ఒప్పుకున్నారు కూడా.

ఫీజు సంగతి చూద్దాం. ఇంటర్మీడియట్ రెండు గ్రూపులకు 18,000, ఫైనలుకు 22,000 రూపాయల రిజిస్ట్రేషను. పరీక్ష ఫీజులు వేరు. కూలి కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. అయినా ప్రైవేటు ఇంజనీరింగు, మెడికల్ కాలేజీలు గుంజే లక్షలతో పోలిస్తే ఎంతో తక్కువ. సీట్లు ఇన్నేనన్న పరిమితి కూడా లేదు. మరి మన పిల్లలు అక్కడ ఎందుకు కనబడరు? దానికి జవాబు చెప్పేముందు, ఈ చదువు మనకెందుకో తేల్చుకోవాలి.

లెక్క ఎవరి చేతిలో వుంటే బలం వారిది

మన పెద్దవాళ్ళకు కరణం గుర్తుంటాడు. భూమి ఎవరిదో, ఎంతో, శిస్తెంతో ఆయన పుస్తకంలో రాసిందే వేదం. ఆ పుస్తకం తండ్రి నుంచి కొడుక్కి వారసత్వంగా పోయేది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ వంశపారంపర్య పదవుల్ని రద్దు చేసింది. పదవి పోయింది గాని, లెక్క కొందరిది, నష్టం అందరిది అన్న పద్ధతి పోలేదు.

ప్రోనోటు సంగతి తీసుకోండి. 20,000 రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు 600 వడ్డీ. మూడేళ్ళకు 21,600, అంటే అసలును మించిపోయింది. మూడేళ్ళు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది గనుక, గడువు నిండేలోగా షావుకారు నోటు తిరగరాయిస్తాడు. అసలూ వడ్డీ కలిపి 41,600కు కొత్త నోటు. ఇప్పుడు నెల వడ్డీ 1,248. మధ్యలో మీరు కట్టిన డబ్బుకు నోటు వెనక చెల్లు రాయించుకున్నారా లేదా అన్నదాని మీదే మీ ఇంటి స్థలం నిలుస్తుందో పోతుందో తేలుతుంది. చక్రవడ్డీ అంటే ఏమిటో చెప్పగల పిల్ల ఒకతె పేటలో వుంటే, ఆ నోటు మీద అంత తేలిగ్గా సంతకం పడదు.

ఇంకాస్త పెద్ద లెక్క చూద్దాం. ఉత్పత్తి ఖర్చుకు సగం కలిపి మద్దతు ధర ఇస్తామని 2018లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఏ ఖర్చుకు? అసలు కిటుకు అక్కడుంది. చేతినుంచి పెట్టిన ఖర్చూ, ఇంటిల్లిపాదీ పడ్డ కష్టానికి కట్టిన విలువా కలిపితే 2018–19లో క్వింటాలు వడ్లకు 1,166 రూపాయలని ధరల కమిషను తేల్చింది. దీన్ని ఎ2 ప్లస్ ఎఫ్ఎల్ అంటారు. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే వచ్చేది సి2, అది 1,560. ప్రభుత్వం మొదటి లెక్క పట్టుకొని 1,750 ధర ప్రకటించి, మాట నిలబెట్టుకున్నామన్నది. రెండో లెక్క పట్టుకొనివుంటే ధర 2,340 అయ్యేది. క్వింటాలుకు 590 రూపాయల తేడా! ఒక్క వడ్లగింజ మారలేదు, ఒక్క చెమటచుక్క మారలేదు. పద్దు మారింది, అంతే. కౌలుకు చేసే మన కూలి కుటుంబాల నోటికాడి కూడు ఆ పద్దులోనే పోయింది.

ఇదే పుస్తకంలో మనం ఎక్కడున్నామో కూడా చూసుకోవాలి. విత్తనం, ఎరువు, డీజిలు రాసిన వరసలోనే మన కూలీ రాస్తారు. అది "ఖర్చు". ఖర్చు అన్నతరువాత దాన్ని తగ్గించటమే తెలివి అనిపించుకుంటుంది. "కూలిరేట్లు పెరిగి వ్యవసాయం గిట్టటంలేదు" అని మోతుబరులు అన్నప్పుడల్లా మనం కోపంతో జవాబు చెబుతున్నాం. కోపం న్యాయమైనదే. కాని ఎకరానికి ఎరువుకెంత పోయింది, కౌలుకెంత పోయింది, వడ్డీకెంత పోయింది, అందులో కూలి వంతెంత అని కాగితం మీద పరిచి చూపెడితే, సన్నకారు రైతుకూ మనకూ తగవు పెట్టేవాడి నోరు మూతబడుతుంది. కూలిరేట్ల చర్చలకు కూర్చున్న ప్రతి కార్యకర్తకూ ఇది అనుభవమే.

మన వాళ్ళు చేయలేని పనా?

"ఇవన్నీ పెద్ద చదువులు, మనవల్ల అవుతాయా?" అనేవాళ్ళకు రాజస్థాన్ కూలీలు ఎప్పుడో జవాబు చెప్పారు. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానా గ్రామంలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు బహిరంగ విచారణ పెట్టారు. పంచాయతీ పనుల మస్టర్లూ బిల్లులూ జనం మధ్య బిగ్గరగా చదివారు. పని చెయ్యనివాళ్ళ పేర్లు మస్టర్లో వున్నాయి. పని పూర్తికానిచోట బిల్లులున్నాయి. "హమారా పైసా, హమారా హిసాబ్", అంటే మా డబ్బు, మా లెక్క అన్న నినాదం అక్కడి ఉద్యమంలో పుట్టిందే. ఆ పోరాటాలు 2005లో సమాచారహక్కు చట్టం వచ్చేదాకా సాగాయి.

మన దగ్గరా అంతే. అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టం కింద ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సామాజిక తనిఖీలు జరిగాయి. 2009లో దానికి ప్రత్యేకంగా ఒక సొసైటీయే ఏర్పడింది. కూలి కుటుంబాల పిల్లలకు కొద్దిరోజులు శిక్షణ ఇస్తే, వాళ్ళు మస్టరు కాగితాలు చేతబట్టి ఇంటింటికీ తిరిగి, "నీ పేరుమీద ఇన్ని రోజులు రాశారు, నిజమేనా అమ్మా?" అని అడిగి దొంగ మస్టర్లు బయటపెట్టారు. ఆఫీసర్లు కుర్చీల్లో ఇబ్బందిగా కదిలిన సభలు మనం కళ్ళారా చూశాం. ఆ 2005 చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు మరో చట్టం చేసింది. చట్టం పేరు మారింది గాని మస్టరు చదవవలసిన అవసరం మారలేదు. మరింత పెరిగిందనే నేనంటాను.

పొదుపు సంఘాల సంగతీ అంతే. మినిట్సు పుస్తకం, అప్పుల ఖాతా, బ్యాంకు వాయిదాలు అన్నీ రాస్తున్నది మన ఆడవాళ్ళే. లక్షల లావాదేవీలను తక్కువ గౌరవవేతనానికి మోస్తున్న వీవోఏ చెల్లెళ్ళు జమాఖర్చుల పనిలో ఏ గుమాస్తాకూ తీసిపోరు. లోపించింది తెలివి కాదు. పై మెట్టుకు నిచ్చెన లేదు.

మరి పెద్దచదువులు చదివినవాళ్ళు గొప్ప లెక్కలు రాశారా? 2009 జనవరి 7న హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు స్వయంగా ఉత్తరం రాశాడు. పుస్తకాల్లో చూపిన నగదులో, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని! ఆ పుస్తకాలకు ఏటా ఆడిటర్ల సంతకం వుంది. 2015 ఏప్రిల్లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు దోషులని తీర్పు చెప్పిన పదిమందిలో ఇద్దరు ఆడిటర్లు. తరువాత అప్పీలులో శిక్ష నిలిపివేశారు. మస్టర్లో వంద రూపాయల తేడా పట్టుకున్న కూలి పిల్లదీ, వేలకోట్ల తేడా వున్న కాగితం మీద పడ్డ సంతకానిదీ పక్కపక్కన పెట్టి చూడండి. లెక్క నిజం కావాలంటే చదువొక్కటే చాలదు. ఎవరికి జవాబు చెప్పుకుంటున్నాడన్నది ముఖ్యం.

తలుపు ఎక్కడ మూసుకుంది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మన పిల్లలకు అడ్డం పడుతున్నవి మూడు.

ఒకటి, భాష. సి.ఏ. పరీక్షలు ఇంగ్లీషులో గాని హిందీలో గాని రాయవచ్చు. తెలుగులో రాయటానికి లేదు. హిందీలో రాసినవాడు మంచి అకౌంటెంటు కాగలిగినప్పుడు తెలుగులో రాసినవాడు ఎందుకు కాలేడు? చిట్టా, ఆవర్జా, జమ, ఖర్చు, నిల్వ, బాకీ, చెల్లు: ఇన్ని మాటలు మన భాషలో ముందునుంచీ వున్నాయి గదా!

రెండు, కాలం. రెండు గ్రూపులూ ఒకేసారి రాసి ఫైనలు గట్టెక్కేవాళ్ళు ఇటీవలి ఫలితాల్లో నూటికి ఇరవైమంది లోపే వుంటున్నారు. తప్పినవాడు మళ్ళీ రాయాలి. షావుకారు కొడుకు నాలుగుసార్లు తప్పినా ఇంట్లో పొయ్యి ఆగదు. మన పిల్ల ఒకసారి తప్పితే, "ఇంక చాలు, మిరపకోతలకు రా" అంటారు. అది తల్లిదండ్రుల తప్పు కాదు, ఆకలి తప్పు.

మూడోది అన్నిటికంటే గట్టిది. ఆర్టికల్‌షిప్పు. పరీక్షకు కులం అడ్డుకాకపోవచ్చు. ఆఫీసులో బల్ల ఇచ్చేది మాత్రం ఒక మనిషి. ఎవరి కొడుకువు, ఎవరు పంపారు అని అడుగుతాడు. మన వాళ్ళకు చెప్పుకోటానికి ఎవరున్నారు? బల్ల దొరికినా, మొదట్లో చేతికొచ్చే స్టైపెండు చాలాచోట్ల నగరంలో హాస్టలు మంచానికీ, రెండుపూటల మెతుకులకూ సరిపోదు.

ఇది మనకొక్కరికే జరిగిన అన్యాయం కాదు. అమెరికాలో సర్టిఫికెట్ కావాలంటే ఒక అకౌంటెంటు దగ్గర పనిచేసిన అనుభవం చూపించాలన్న షరతు చాలా రాష్ట్రాల్లో వుండేది. తెల్లవాళ్ళు నల్లవాళ్ళను పనిలో పెట్టుకోరు; పనిలేకపోతే అనుభవం లేదు; అనుభవం లేకపోతే సర్టిఫికెట్ లేదు. జాన్ క్రామ్‌వెల్ అనే విద్యావంతుడు, ఆ షరతు లేని న్యూహాంప్‌షైర్ రాష్ట్రానికి పోయి పరీక్ష రాసి, 1921లో మొట్టమొదటి నల్లజాతి అకౌంటెంటు అయ్యాడు. 1943లో షికాగోలో మేరీ వాషింగ్టన్ అనే ఆమె నల్లజాతి స్త్రీలలో మొదటి అకౌంటెంటు అయింది. ఆమె అంతటితో ఆగలేదు. ఎక్కడా బల్ల దొరకని నల్ల పిల్లలకు తన ఆఫీసులో పని ఇచ్చి, ఆ అనుభవంతో వాళ్ళను పైకి తెచ్చింది. ఒక్కరు లోపలికి పోతే తలుపు పట్టుకొని నిలబడాలన్నది ఆమె బతుకు నుంచి మనం నేర్చుకోవాల్సిన పాఠం.

మన పక్కన మద్రాసులో ఆర్. శివభోగం స్వాతంత్ర్యోద్యమంలో ఏడాది జైలుకు పోయింది. 1933లో ఈ పరీక్ష పాసై దేశంలో మొదటి మహిళా అకౌంటెంటు అయింది. జైలుకు పోయినవాళ్ళు ఈ వృత్తికి పనికిరారని అప్పటి తెల్లదొరల నిబంధన. ఆమె కోర్టుకెక్కి గెలిచింది. రూల్సు రాసినవాళ్ళు రాస్తూనే వుంటారు. వాటిమీద పోట్లాడేవాళ్ళకే దారి దొరుకుతుంది.

రెండు అనుమానాలు

"చదివి పైకెళ్ళినవాడు కంపెనీ మనిషి అవుతాడు, మనకేం ఒరుగుతుంది?" అని మన కార్యకర్తలే కొందరు అంటారు. కొట్టిపారేసే మాట కాదిది. అట్లా పోయినవాళ్ళు వున్నారు. కాని ఒంటరిగా, అప్పుచేసి, ఎవరి ఆసరా లేక పైకెళ్ళినవాడు ఎవరికి రుణపడతాడు? జీతమిచ్చినవాడికే. సంఘం వెన్నుదన్నుతో ఎక్కినవాడికి సంఘంతో బంధం మిగులుతుంది. అందరూ నిలబడకపోవచ్చు. పదిమందిలో ముగ్గురు నిలబడ్డా, కంపెనీ బ్యాలెన్సుషీటు ముందేసుకొని కార్మికుల తరఫున, కౌలుదార్ల తరఫున మాట్లాడగల ముగ్గురు మనకు దొరికినట్టే.

రెండోది విదేశీ మోజు. ఆస్ట్రేలియాలో ప్రొఫెషనల్ అకౌంటింగులో మాస్టర్సు డిగ్రీ అని వుంది. అక్కడ స్థిరపడవచ్చన్న ఆశతో మన తెలుగు పిల్లలు కొందరు ఎకరం, అరెకరం తాకట్టుపెట్టి పోతున్నారు. చదువు మంచిదే కావచ్చు. కాని నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్షలు తెచ్చేముందు ఆ వడ్డీ లెక్క ఒకసారి వేసుకోవాలి. అకౌంటింగు చదవబోయేవాడు వెయ్యాల్సిన మొదటి లెక్క అది.

ఏం చెయ్యాలి?

ప్రభుత్వాలను అడగాల్సినవి వున్నాయి. గురుకులాల్లో, ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఎం.ఇ.సి., సి.ఇ.సి. గ్రూపులకు చాలినంతమంది అధ్యాపకులను వెయ్యాలి. స్టడీ సర్కిళ్ళలో గ్రూపు పరీక్షలతో సమానంగా సి.ఏ., కాస్టు అకౌంటెన్సీలకు శిక్షణ ఇవ్వాలి. తెలుగులో పరీక్ష రాసే హక్కు రావాలి. శిక్షణ పొందే పేదపిల్లలకు నగరాల్లో హాస్టలు వసతి కల్పించి, స్టైపెండు కనీసవేతనానికి తక్కువ కాకుండా మిగతా సొమ్ము ప్రభుత్వం భరించాలి. ప్రభుత్వ కార్పొరేషన్ల ఆడిటు పనులు తీసుకునే ఆఫీసులు ఎస్సీ, ఎస్టీ, బీసీ కూలి కుటుంబాల పిల్లలకు కొన్ని ఆర్టికల్‌షిప్పు బల్లలు కేటాయించి తీరాలని షరతు పెట్టాలి. ప్రజల సొమ్ము ఫీజుగా తీసుకునేవాళ్ళను ఈమాత్రం అడగటం అన్యాయం కాదు. వీవోఏలకూ, సామాజిక తనిఖీ చేసిన పిల్లలకూ వాళ్ళ అనుభవానికి గుర్తింపునిచ్చి పైచదువుకు దారి చూపాలి.

ఉన్నవాటిని వాడుకోవటం కూడా నేర్చుకోవాలి. దళిత విద్యార్థుల పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్పు గురించి కేంద్రం 2010లో ఇచ్చిన నిబంధనల్లో సి.ఏ., ఐ.సి.డబ్ల్యు.ఏ. చదువుల పేర్లు రాసే వున్నాయి. ఎన్ని పేటల్లో ఈ సంగతి తెలుసు? ఇప్పటి నిబంధనలు ఏమిటో సాంఘిక సంక్షేమశాఖ ఆఫీసుకు పోయి కాగితం అడిగి తెచ్చుకొని, డిగ్రీ కాలేజీ హాస్టళ్ళలో గోడమీద అంటించటం ఒక్కరోజు పని.

సంఘం చెయ్యాల్సిన పని ఇంకోటుంది. ప్రతి గ్రామశాఖా ఏడాదికోసారి తన సొంత జమాఖర్చులు సభ్యుల మధ్య చదివించాలి. చందా ఎంత వచ్చింది, కేసులకు ఎంత పోయింది, నిల్వ ఎంత. ఆ లెక్క రాసే పని పేటలో కామర్సు చదివే పిల్లకో పిల్లాడికో అప్పజెప్పాలి. పుస్తకంలో చదివిన చిట్టా ఆవర్జాలు చేతికి పనిగా వస్తాయి. మన సంఘం లెక్కా శుభ్రంగా వుంటుంది. ఇంకొకరి లెక్క అడిగే నోటికి ముందు మన లెక్క చెప్పే అలవాటుండాలి.

ఈ ఏడు ఫలితాలు వచ్చేలోగా మండలానికి ఒకచోటన్నా ఈ పిల్లల్ని పిలిచి కూర్చోబెట్టండి. 55 మార్కుల సంగతి చెప్పండి, స్కాలర్‌షిప్పు కాగితం చూపించండి, జిల్లా కేంద్రంలో మనమీద అభిమానమున్న అకౌంటెంటు ఒక్కరున్నా వెళ్ళి మన పిల్లకొక బల్ల అడగండి. అడగటానికి మొహమాటపడొద్దు. కూలిరేటు కోసం కామందు గుమ్మం ముందు నిలబడి అడిగినవాళ్ళం, దీనికి వెనకాడతామా?